అరవై రూపాయల చాకు: అగ్గువా? పిరమా?

పల్లెటూరి మనిషి కోఠికి వూరికే రాడు. ఇంట్లో ఎవరికైనా చెవి, ముక్కు, గొంతు జబ్బు చేస్తే ఇక్కడి సర్కారు దవాఖానకు వస్తాడు. బిడ్డ కాన్పుకు సుల్తాన్ బజారు దవాఖానకు వస్తాడు. పిల్లల పాత పుస్తకాల కోసం, బోరు మోటారు సామాను కోసం ట్రూప్ బజారు దాకా తిరుగుతాడు. వచ్చిన పని అయిపోయి, బస్సుకు ఇంకా గంట టైము వుంటే పేవ్‌మెంటు మీద పరచిన నీలం పట్టా దగ్గర ఆగుతాడు. ఆ పట్టా మీద తాళాలు, టార్చిలైట్లు, గోళ్ళ కత్తెరలు. వాటి పక్కన వరసగా మడత చాకులు. ఎండకు తళతళ మెరుస్తుంటాయి.

ఈ మధ్య నేను చూసిన రైతు కూడా అట్లాగే ఆగాడు. నల్లగొండ వైపు మనిషి. మూడెకరాల బత్తాయి తోట వుందట. ఒక చాకు తీసి తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"తమ్మీ, గిది ఎంత?"

"అరవై, పెద్దాయనా. ఫారిన్ మాల్. స్టెయిన్‌లెస్."

"నలభైకి ఇయ్యరాదు?"

"గిట్టదు పెద్దాయనా. యాభైకి తీస్కో పో."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "సారూ, చదువుకున్నోళ్ళ లెక్క వున్నరు. గిది మంచిదేనా, జర సూడుండ్రి" అన్నాడు.

చాకు చేతికి తీసుకున్నాను. తళతళలాడుతున్నది. అంతకు మించి దాని గురించి నాకేమీ తెలియలేదు. చదువుకున్న వాడినన్న పేరే గాని, చేతిలో వున్నది ఉక్కో, రేకో చెప్పలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఆ తర్వాత ట్రూప్ బజారులో పనిముట్లు అమ్మే వాళ్ళను, కొలిమి దగ్గర కూచునే కమ్మరులను అడిగాను. నాలుగు చాకులు కొని, వాడి, ఒకటి విరగ్గొట్టి చూశాను. అట్లా తెలిసిన సంగతులు రైతు మిత్రుల ముందు పెడుతున్నాను.

రైతు జేబులో చాకు ఎందుకు?

చాకు గురించి పత్రికలో రాయాలా అని కొందరు నవ్వవచ్చు. ట్రాక్టరు మీద, పంపుసెట్టు మీద, విత్తనాల మీద ఎంతైనా రాస్తారు. కానీ పొద్దున లేచింది మొదలు రైతు చేతికి, కూలీ చేతికి ఎన్నిసార్లు చాకు అవసరమవుతుందో లెక్క పెట్టుకుంటే నవ్వు ఆగిపోతుంది. యూరియా సంచి కుట్టు విప్పాలన్నా, పురికొస తెంపాలన్నా, డ్రిప్పు పైపు కోయాలన్నా, పశువు మెడకు పగ్గం బిగిసిపోతే కోయాలన్నా చాకు కావాలి. కూరగాయల తొడిమలు కోయాలి. అంటు కట్టాలి. మధ్యాహ్నం చెట్టు కింద సద్ది విప్పినప్పుడు ఉల్లిగడ్డ కోసుకోవాలి.

వీటిలో పురికొస సరిగా తెగకపోతే పెద్ద నష్టం లేదు. కానీ అంటు కట్టే చోట మొండి చాకు వాడితే బెరడు నలుగుతుంది, అంటు పట్టదు, ఆ ఏటి మొక్క పోతుంది. బలంగా నొక్కి కోస్తున్నప్పుడు చాకు మడుచుకుపోతే వేలు తెగుతుంది. వేలు తెగిన కూలీకి వారం రోజుల పని పోతుంది. అరవై రూపాయల వస్తువు వెనుక వారం రోజుల కూలి వున్నది. చాకు సంగతి తేలికగా తీసుకోకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

మెరుపు ఉక్కు కాదు

చాకు బ్లేడుకు ప్రాణం ఉక్కు. ఇనుములో కర్బనం, అంటే బొగ్గు మూలకం, ఎంత వున్నదన్న దాన్ని బట్టి ఉక్కు స్వభావం మారుతుంది. కిటికీ చువ్వలకు, రేకులకు వాడే మెత్తని ఉక్కులో కర్బనం 0.25 శాతానికి లోపే వుంటుంది. దాన్ని ఎంత కాల్చి నీళ్ళలో ముంచినా గట్టిపడదు. మంచి చాకుకు వాడే సాదా ఉక్కులో కర్బనం 0.6 నుంచి 1 శాతం దాకా వుంటుంది. దాన్ని ఎర్రగా, సుమారు 800 డిగ్రీలు దాటేలా కాల్చి నూనెలోనో నీళ్ళలోనో చల్లారిస్తే రాయిలా గట్టిపడుతుంది. అట్లాగే వదిలేస్తే గాజులా పెళుసుగా విరుగుతుంది. గనుక మళ్ళీ 200 డిగ్రీల ప్రాంతంలో వేడి చేసి ఆ పెళుసు తీస్తారు. కమ్మరి ఈ పనిని థర్మామీటరు లేకుండా, ఉక్కు మీద వచ్చే గడ్డి రంగు చూసి చేస్తాడు.

ఇక స్టెయిన్‌లెస్. ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం వుంటే తుప్పును బాగా తట్టుకుంటుంది. అగ్గువ చాకుల్లో ఎక్కువగా వాడే స్టెయిన్‌లెస్‌లో కర్బనం సుమారు 0.3 శాతం, క్రోమియం సుమారు 13 శాతం వుంటాయి. దీన్ని సరిగా కాల్చి చల్లారిస్తే పనికి వచ్చే చాకే అవుతుంది. పదును తొందరగా పోతుంది, కానీ తొందరగా నూరుకోవచ్చు. తుప్పు తక్కువ. కాబట్టి "అగ్గువ స్టెయిన్‌లెస్ అంటేనే మోసం" అనడం న్యాయం కాదు. కాల్చి చల్లార్చే పనిని ఎగ్గొట్టి, పైన మెరుగు పెట్టి అమ్మినప్పుడే అది మోసం అవుతుంది. అసలు కష్టం ఇక్కడే వున్నది. ఆ పని జరిగిందో లేదో కంటికి కనపడదు. మెరుగు మాత్రం కనపడుతుంది.

బ్లేడు మీద చెక్కిన అక్షరాలను కూడా నమ్మవద్దు. "స్టెయిన్‌లెస్" అన్న మాట తుప్పు సంగతి చెబుతుందే గాని పదును సంగతి చెప్పదు. ఏదో పరదేశం పేరు చెక్కడానికి ఒక అచ్చు చాలు. ప్యాకెట్టులో వచ్చిన చాకైతే, 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర దాని మీద వుండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో కూడా వుండాలి. పేరూ వూరూ లేని వస్తువు చెడిపోతే ఎవరిని అడుగుతారు?

అయిదు నిమిషాల పరీక్ష

ఏ యంత్రమూ లేకుండా, పేవ్‌మెంటు దగ్గర నిలబడే, చాకు గురించి చాలా వరకు తెలుసుకోవచ్చు. వరసగా చెబుతాను.

మొదట చాకు మూసి వుండగానే చూడండి. పిడి రెండు చెక్కల మధ్య బ్లేడు సరిగ్గా నడుమ కూచున్నదా, లేక ఒక పక్కకు ఆనుకున్నదా? ఒక పక్కకు వాలితే కీలు వంకర అన్నమాట. అట్లాంటి చాకు మూసినప్పుడల్లా పదును పిడికి రాసుకుని మొండిపోతుంది. బ్లేడు మొన పిడి లోపల పూర్తిగా మునగాలి. పైకి పొడుచుకు వస్తే జేబు చిరుగుతుంది, తొడ గీరుకుంటుంది. దాని మీద ఒక గుడ్డ పేలిక రాయండి. గుడ్డ తట్టుకుంటే ఆ చాకు అక్కడే పెట్టేయండి.

రెండోది కీలు. చాకు తెరవండి. మొదటి నుంచి చివర దాకా ఒకే బిగువుతో రావాలి, చివర "టక్"మని నిలవాలి. వదులుగా జారి తెరుచుకునేది, జేబులో కూడా తెరుచుకుంటుంది. తెరిచిన తర్వాత ఒక చేత్తో పిడిని, మరో చేతి వేళ్ళతో బ్లేడు వీపును పట్టుకుని అటూ ఇటూ కదపండి. కొత్త చాకు అటూ ఇటూ ఆడితే, నెల తిరక్కముందే ఆ కదలిక రెట్టింపు అవుతుంది. కీలు దగ్గర రేకు మడిచి నొక్కిన మేకు వుందా, గట్టి రివిటు వుందా, స్క్రూ వుందా చూడండి. స్క్రూ అయితే వదులైనప్పుడు బిగించుకోవచ్చు.

మూడోది బ్లేడు మందం. రూపాయి బిళ్ళ పక్కన పెట్టి చూడండి. వీపు దగ్గర ఇంచుమించు అంత మందమో, కొంచెం ఎక్కువో వుంటే రైతు పనికి చాలు. బిళ్ళ కంటె బాగా పల్చగా వుంటే వంగుతుంది. కొందరు మందంగా వుంటే బలం అనుకుంటారు. వీపు మందంగా వుండి, వాదర కూడా గొడ్డలిలా మందంగా వుంటే అది ఉల్లిగడ్డను కోయదు, చీలుస్తుంది. వీపు నుంచి వాదర దాకా మందం క్రమంగా తగ్గుతూ రావాలి.

నాలుగోది వాదర. పదును మీ వైపు తిప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మంచి పదును కంటికి కనపడదు. ఎక్కడైనా సన్నని తెల్లని గీతలా, చుక్కలా మెరిస్తే అక్కడ మొండి వున్నది. మొన దగ్గర గాని, వాదర మీద గాని నీలం రంగు మచ్చ వుందా చూడండి. సాన చక్రం మీద తొందరగా, నీళ్ళు పోయకుండా నూరినప్పుడు ఉక్కు 300 డిగ్రీల దాకా వేడెక్కి ఆ నీలం వస్తుంది. అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే.

అయిదోది అయస్కాంతం. పాత స్పీకరు ముక్క చిన్నది జేబులో వుంటే చాలు. బ్లేడుకు అయస్కాంతం అసలు అంటుకోకపోతే, అది చెంచాలు, గిన్నెలు చేసే రకం స్టెయిన్‌లెస్. దాన్ని కాల్చి గట్టిపరచడం కుదరదు. అట్లాంటి చాకు వద్దు. అంటుకుంటే మంచిదని మాత్రం అనుకోవద్దు. మెత్తని ఇనుముకు కూడా అయస్కాంతం అంటుకుంటుంది. చెడ్డదాన్ని పట్టుకోవడానికే ఈ పరీక్ష పనికి వస్తుంది.

ఆరోది ఆకురాయి పరీక్ష. దీన్ని అమ్మే మనిషిని అడిగిన తర్వాతే చేయాలి. కొనక ముందే సరుకు గీరితే అతనికి నష్టం. బ్లేడు మొదట్లో, కీలు పక్కన పదును లేని చోట సన్నని ఆకురాయితో ఒక్కసారి గీయండి. వెన్నలో దిగినట్టు దిగితే ఉక్కు మెత్తన. కీచుమంటూ జారిపోతే గట్టి. కొంచెం పట్టీ పట్టనట్టు వుంటే మనకు కావలసినది అదే. ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో జేబు చాకులు సాధారణంగా 52 నుంచి 58 మధ్య వుంటాయి. ఆకురాయి ఆ అంకె చెప్పదు గాని, రేకు ఏదో, ఉక్కు ఏదో చెబుతుంది.

చివరిది, అన్నిటి కంటె ముఖ్యమైనది, పని. వేలెడు మందం పురికొస ముక్క ఒకటి సంచిలో వేసుకుపోండి. దాన్ని ఒక్క లాగుడుతో తెంపగలగాలి. పది సార్లు కోసి, మళ్ళీ వాదర వెలుతురుకు పట్టి చూడండి. తెల్ల గీత కొత్తగా కనిపిస్తే ఆ చాకు మీ పొలంలో ఒక పూట కూడా నిలవదు.

లాకు మీద వేళ్ళు పెట్టే ముందు

మడత చాకుల్లో రెండు రకాలు. ఒకటి, వెనక స్ప్రింగు బిగువుతో మాత్రమే నిలిచేది. రెండోది, తెరవగానే లాకు పడేది. మొదటి రకం తప్పు కాదు. మన తాతలు వాడింది అదే. కానీ దానితో కోయాలే గాని పొడవకూడదు. మొనతో గుచ్చి నెట్టితే బ్లేడు వెనక్కు మడుచుకుని వేళ్ళ మీద పడుతుంది.

అగ్గువ చాకుల్లో అసలు ప్రమాదం లేని లాకు కాదు, నమ్మించి వదిలేసే లాకు. పల్చటి రేకు నాలుకలా వంగి బ్లేడు వెనక అడ్డం పడుతుంది. కొత్తలో బాగానే వుంటుంది. రేకు అరిగిన తర్వాత ఒకరోజు జారుతుంది. పరీక్ష ఇట్లా చేయాలి. చాకు తెరిచి, వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా పిడిని రెండు పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వీపును చెక్క మీద మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా ఆనించి నొక్కండి. లాకు జారితే ఆ చాకు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

పిడి కూడా చూడండి. నాలుగు వేళ్ళూ దాని మీద పట్టాలి. మూడు వేళ్ళే పట్టే బొమ్మ చాకు తడి చేతిలో జారుతుంది. కోఠిలో ఎండలో పొడి చేత్తో పట్టుకుంటే అన్నీ బాగానే వుంటాయి. వానలో, బురద చేత్తో పట్టుకోవలసింది మీరు.

మడత అవసరమా అన్నది కూడా ఒకసారి ఆలోచించాలి. చాకులో బలహీనమైన చోటు కీలే. అదే ధరకు కీలు లేని చిన్న కత్తి తీసుకుంటే, కీలుకూ స్ప్రింగుకూ పోయే డబ్బు ఉక్కులోకి వస్తుంది. తోటలోనే వుండే పనికి తోలు ఒరలో పెట్టుకునే నిటారు కత్తి మేలు. ప్రయాణంలో, జేబులో వుండాలంటేనే మడత కావాలి.

లెక్క వేసి చూద్దాం

2025-26లో ఉపాధి హామీ పనికి తెలంగాణలో ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. ఆ లెక్కన అరవై రూపాయల చాకు ఖరీదు సుమారు గంటన్నర చెమట. మూడు వందల చాకు ఖరీదు ఒక రోజు కూలి.

మాట వరసకు ఇట్లా లెక్క వేద్దాం. అరవై రూపాయల చాకు నాలుగు నెలలు వస్తుందనుకుందాం. ఏడాదికి మూడు చాకులు, 180 రూపాయలు. మూడేళ్ళకు 540. మూడు వందల చాకు మూడేళ్ళు వస్తే, దానికో అరవై రూపాయల సానరాయి కలిపినా 360. మిగిలేది 180 రూపాయలు. తెగిన వేలు, పట్టని అంటు ఈ లెక్కలో వేయలేదు.

మరి ఇంత సులువైన లెక్క రైతుకు తెలియదా? బాగా తెలుసు. తెలియక కాదు, మూడు వందలు ఒక్కసారి జేబులో లేక అరవై చాకు కొంటాడు. బస్సు కిరాయి, మందుల చీటి, పిల్లల పుస్తకాలు పోగా మిగిలింది ఆ అరవయ్యే. పేదవాడు అగ్గువ వస్తువు పదే పదే కొని, వున్నవాడి కంటె ఎక్కువ చెల్లిస్తాడు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న మాట రైతు బత్తాయికే కాదు, జేబులో చాకుకు కూడా వర్తిస్తుంది.

ఇక్కడ పేవ్‌మెంటు మీద అమ్మే కుర్రవాడిని దోషిని చేయడం తేలిక. అది అన్యాయం. పొద్దంతా ఎండలో కూచునే అతనికి మిగిలేదెంత? "నేను చేసిన్నా పెద్దాయనా? డబ్బాల వచ్చినయి, అమ్ముతున్న" అన్నాడు అతను ఆ రోజు. నిజమే. డబ్బాలో ఏముందో అతనికీ తెలియదు. అతని దగ్గరే నాలుగు రకాలు వుంటాయి, వాటిలో ఒకటో రెండో నిజంగా పనికి వచ్చేవి. ఏరుకోవడం మన చేతిలో వున్నది.

అగ్గువ అంటే నాసి అని కూడా అనుకోనక్కరలేదు. ఫ్రాన్సులో సవాయ్ కొండ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ అనే పనిముట్ల కమ్మరి కొడుకు, రైతుల కోసం ఒక మడత చాకు చేశాడు. ఒక చెక్క పిడి, ఒక ఉక్కు బ్లేడు, ఒక మేకు. అంతే. 1955లో దానికి ఒక ఉక్కు ఉంగరం కలిపారు. ఆ ఉంగరం తిప్పితే బ్లేడు మడుచుకోకుండా నిలుస్తుంది. నేటికీ ఆ చాకు తయారవుతున్నది. నగిషీలు లేవు, నాలుగు రకాల తొడుగులు లేవు. డబ్బంతా ఉక్కు మీద పెట్టారు. చాకు విలువ కట్టే పద్ధతి కూడా అదే. టార్చిలైటు, సీసా మూత తీసేది, దిక్సూచి కలిపి అరవై రూపాయలకే ఇస్తున్నారంటే, ఉక్కుకు మిగిలిందెంతో మీరే వూహించుకోండి.

కొడవలికి లేని పన్ను చాకుకు

పన్నుల సంగతి కూడా రైతులు తెలుసుకోవాలి. జి.ఎస్.టి. లెక్కలో చేతితో వాడే వ్యవసాయ పనిముట్లకు, అంటే పార, గొడ్డలి, కొడవలి, కొమ్మలు కత్తిరించే కత్తెర వంటి వాటికి పన్ను లేదని పెట్టారు. బాగుంది. కానీ చాకును వేరే వరసలో పెట్టారు. ఆ వరసలో వంటింటి కత్తితో పాటు కొమ్మలు కోసే కత్తి పేరు కూడా వున్నది. 2022 జూలై 18 నుంచి ఆ వరస మీద పన్నును 12 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. ఆ లెక్కన మూడు వందల ధర మీద పన్ను 54 రూపాయలు. ఇంచుమించు పేవ్‌మెంటు మీద ఇంకో చాకు ఖరీదు.

కొమ్మను కత్తెరతో కత్తిరిస్తే వ్యవసాయం, కత్తితో కోస్తే వ్యవసాయం కాదా? అంటు కట్టే కత్తి లేకుండా ఏ తోట తయారైంది? బిల్లు ఇచ్చి, పేరు రాసి అమ్మే మంచి చాకు మీద పన్ను కనపడుతుంది. పేరూ వూరూ లేని సరుకు బిల్లు లేకుండా చేతులు మారుతుంది. ఫలితంగా నాసి వస్తువు ఇంకా అగ్గువగా, మంచి వస్తువు ఇంకా పిరంగా కనిపిస్తున్నది. తోట పనికి వాడే కత్తులను కొడవలి వరసలో చేర్చమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

కోనసముద్రం నుంచి కోఠి దాకా

ఉక్కు మనకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రం కమ్మరులు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇక్కడికి వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములు కళ్ళారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. పడమటి దేశాల్లో పేరు మోసిన డమాస్కస్ కత్తులకు ఇట్లాంటి ఉక్కే మూలం. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం వుండేది. ప్రపంచానికి ఉక్కు అమ్మిన నేల మీద రైతు ఈనాడు రేకు చాకు కోసం బేరమాడుతున్నాడు.

కోనసముద్రం కొలుములు ఆరిపోయాయి. ఊరి కొలుములు కూడా చాలా చోట్ల ఆరిపోతున్నాయి. ఒకప్పుడు కమ్మరికి పంట మీద మేర వుండేది. కర్రు సాగగొట్టినా, కొడవలికి కక్కు పెట్టినా ఏడాది చివర గింజలు కొలిచేవారు. ట్రాక్టరు వచ్చింది, నాగలి పోయింది, మేర పోయింది. అయినా కొలిమి మిగిలిన వూళ్ళో కమ్మరి దగ్గరికి పాత లారీ స్ప్రింగు పట్టా ముక్క తీసుకుపోతే, దాని నుంచి మీ చేతికి సరిపోయే కత్తి చేసి ఇస్తాడు. ఆ పట్టా మంచి కర్బనం వున్న ఉక్కు. మెరవదు, తుప్పు పడుతుంది, తుడిచి నూనె రాయాలి. కానీ మొండిపోతే మళ్ళీ పదును పెట్టడానికి మనిషి వూళ్ళోనే వున్నాడు. ఆ సదుపాయానికి కోఠిలో ఏ ప్యాకెట్టూ సాటి రాదు.

కొన్న తర్వాత

మంచి చాకు కూడా నూరకపోతే రేకే. నూరేటప్పుడు కోణం ఎట్లా తెలుసుకోవాలి? ఒక కాగితం మూలను తీసుకోండి. అది 90 డిగ్రీలు. ఒకసారి సగానికి మడిస్తే 45. ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర. ఆ మడత ఎంత వాలుగా వుందో, సానరాయి మీద బ్లేడును అంతే వాలుగా పట్టి, రెండు వైపులా సమానంగా నూరండి. అంటు కత్తికి మాత్రం ఒక వైపే పదును వుంటుంది. రెండో వైపు చదునుగా వదిలేయాలి.

పురుగుమందు ప్యాకెట్టు కోసిన చాకుతో ఉల్లిగడ్డ కోయవద్దు. దానికి వేరే బ్లేడు పెట్టుకోండి. కరెంటు వున్న తీగ మీద చాకు పెట్టవద్దు. స్టార్టరు దగ్గర ఇట్లా పోయిన ప్రాణాలు చాలు.

బత్తాయి, నిమ్మ రైతులు మరొకటి గుర్తుంచుకోవాలి. ఎక్సోకార్టిస్ అనే తెగులు కత్తి ద్వారా కూడా చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. మన దగ్గర బత్తాయికి వేరు మొక్కగా వాడే రంగపూర్ నిమ్మకు ఈ తెగులు బెడద ఎక్కువ. స్పిరిటుతో తుడిస్తే ఇది పోదు. సోడియం హైపోక్లోరైటు ద్రావణం, ఒక శాతం బలంతో, చెట్టు చెట్టుకూ మధ్య కత్తిని ముంచాలి. తర్వాత మంచినీళ్ళతో కడిగి తుడవాలి, లేకపోతే ఆ మందు ఉక్కును తింటుంది. అగ్గువ చాకు కీలులో పాత రసం, మట్టి ఇరుక్కుని ఎంత కడిగినా పోవు. అంటు పనికి కీలు లేని కత్తి మేలనడానికి ఇది కూడా ఒక కారణం.

వేలు తెగితే పసుపు అద్ది పనిలోకి దిగకండి. పారే నీళ్ళతో, సబ్బుతో కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ధనుర్వాతం సూది వేయించుకోండి. ఆ క్రిములు వుండేది పొలం మట్టిలోనే.

చట్టం గురించి ఒక మాట. 2016 ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటె పొడవో, 2 అంగుళాల కంటె వెడల్పో వున్న కత్తులను ఆయుధాల్లో చేర్చారు. ఇంటికి, వ్యవసాయానికి చేసిన వాటిని మినహాయించారు. జేబు చాకు దానికి ఎంతో చిన్నది. అయినా బొత్తాం నొక్కితే ఎగిరి తెరుచుకునే రకం జోలికి పోవద్దు. కొన్ని రాష్ట్రాల్లో వాటి మీద వేరే ఉత్తర్వులు వున్నాయి. రైతుకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంతకీ ఆ రోజు కోఠిలో పెద్దాయన ఏం చేశాడు? నేను చాకు తిప్పి తిప్పి చూస్తూ నీళ్ళు నములుతుంటే, ఆయన తన గుడ్డ సంచి మూతికి కట్టిన పురికొస విప్పాడు. వరసగా అయిదు చాకులు తీసి దాని మీద లాగాడు. నాలుగు జారాయి. అయిదోది తెంపింది. దాని బ్లేడు పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. అది ఆడింది. అయిదూ వరసగా పట్టా మీద పెట్టేశాడు.

"ఏం పెద్దాయనా, తీస్కోవా?"

"అంగట్ల కొడవలి కొన్నట్టే సూడాలె గద, తమ్మీ. ఇంకోపారి మంచియి తెచ్చినప్పుడు వస్త" అన్నాడు. సంచి భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టాడు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నా కంటె ముందే ఆయన చేతికి తెలుసు.